మా నెట్‌కు తాళం ఉంది మేడం

నా కూతురి ఫోటో, మా ఇంటి అడ్రసు ఎవరో తెలియనివాడికి పంపమని నేనే నోరారా చెప్పాను. కొట్టడానికి వచ్చేముందు కాస్త ఆగి, ఎట్లా చెప్పానో వినండి. విన్నాక మీ ఇష్టం, కొట్టినా కాదనను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. హోసూరు పక్కన మాకు రోజా తోట ఉండేది. ఎండ తగలకుండా పైన పచ్చటి వల కప్పి, లోపల పూలు పెంచేవాళ్ళం. షేడ్ నెట్ అనడానికి బద్ధకమై ఊళ్ళో అందరం దాన్ని నెట్ అనే అనేవాళ్ళం. నెట్‌లో మందు కొట్టాలి, నెట్‌లో కుక్క దూరింది, ఇట్లా. లోకంలో ఇంకో నెట్ ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఎనిమిదో తరగతి చదివే మా మమత రోజూ సాయంత్రం "నెట్‌కు పోయొస్తా నాయనా" అనేది. ఆ వేళకు నేను బెంగళూరుకు పూలు పంపే హడావిడిలో ఉండేవాణ్ణి. "పోయి రా తల్లీ" అని మురిసిపోయేవాణ్ణి. బిడ్డకు సేద్యమంటే ఎంత ఆశ! అది పోయేది మూకండపల్లిలోని బ్రౌజింగ్ సెంటరుకని మీకు ఈపాటికే తెలిసిపోయింది. నాకే తెలియలేదు.

ఒకరోజు అడిగింది. "నాయనా, నెట్‌లో ఒకరు ఫోటో అడుగుతాండారు. అడ్రస్ గూడా. పంపేదా?"

"యా ఊరాయన?"

"బెంగళూరంట."

ఇంకేం, పెద్ద పూల వ్యాపారే అనుకున్నాను. "అడిగేదేముంది, పంపు. పొద్దున్నే మంచు ఆరకముందు తీస్తే రంగు బాగొస్తాది. ఆకులు గూడా కనపడాల."

అది నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. కంచే చేను మేసిందంటారు. నేను కంచె పీకేసి, రండి మేయండని పిలిచాను.

వారం తిరక్కుండానే బడి నుంచి చీటీ వచ్చింది. నెట్‌లో పిల్లల భద్రత గురించి మీటింగు, తల్లిదండ్రులు తప్పక రావాలని. సబబే అనుకున్నాను. మందు కొట్టిన తోటలో పిల్లలు దూరితే కళ్ళు మండవా? తెల్లచొక్కా తొడుక్కొని ముందు వరుసలో కూర్చున్నాను.

హెడ్‌మేడం గారు తమిళంలో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి తెలుగులోకి దిగారు. "పిల్లోల్లు ఒంటిగా నెట్‌లోకి పోకుండా మీరేం చేస్తాండారు?"

నేను లేచాను. "మా నెట్‌కు తాళం ఉంది మేడం. ఒక తాళంచెవి నా మొలతాడుకు, ఇంకోటి కాపలా ముసలామె కొంగుకు."

"చూసినారా! తాళమంటే పాస్‌వర్డ్. రైతై ఉండి మునిరాజప్ప ఎంత బాగా చెప్పినాడో! మరి చెడ్డ సైట్లు వస్తే ఏం చేస్తావప్పా?"

మా వైపు సైటంటే ఇంటి స్థలం. "పత్రాలు చూడకుండా యా సైటులోనూ కాలు పెట్టను మేడం. ఈడ సగం సైట్లు మోసమే."

చప్పట్లు మోగాయి.

"వైరస్ వస్తే?"

"అంతా పెరికేసి నిప్పు పెడతాను."

చప్పట్లు ఆగిపోయాయి. పక్కనున్నాయన కొంచెం దూరం జరిగాడు. మొక్కల తెగులుకు ఇంత భయమెందుకో నాకు అంతుపట్టలేదు. నేనేం మాట్లాడుతున్నానో మేడం గారికీ అంతుపట్టలేదు.

"మునిరాజప్పా, మీ ఇంట్లో కంప్యూటర్ యాడ పెట్టినారు?"

"రోజా తోటకు కంప్యూటర్ ఎందుకు మేడం?"

హాలంతా నవ్వింది. ఎందుకో తెలియక నేనూ నవ్వాను. అప్పుడు మేడం గారు నిదానంగా చెప్పారు, ఆ నెట్ అంటే ఏమిటో, అందులో తెలియనివాళ్ళు తీపి మాటలు చెప్పి పిల్లల్ని ఫోటోలు, అడ్రసులు ఎట్లా అడుగుతారో. ఫోటో అన్న మాట దగ్గర నా నవ్వు ఆగింది. మంచు ఆరకముందు తీయమని కూడా చెప్పి ఉన్నానే!

ఒక చెప్పు నాది, ఒకటి ఎవరిదో తొడుక్కొని మోపెడ్ మీద బ్రౌజింగ్ సెంటరుకు పోయి పడ్డాను. మమత అక్కడే ఉంది.

"ఫోటో పంపినావా?"

"లేదు నాయనా."

"అడ్రస్?"

"అదీ లేదు."

"నేను పంపమన్నా గదా!" అని అరిచాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"నువ్వు మంచు, ఆకులు అంటివి. నీకేమో అయిందనుకొని అమ్మను అడిగినా."

"మీ అమ్మకు నెట్ గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. 'వాళ్ళది యా ఊరు, యా ఇల్లు, వాళ్ళమ్మ ఎవురి బిడ్డ, అంతా కనుక్కో. ఫోటో సంగతి ఆ పైన' అనింది. అట్లే రాసినా. ఆ పొద్దు నుంచి వాడు పలకలేదు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, ఆ సెంటరులోనే పదిమంది ఎదుట ప్రమాణం చేశాను. భూమ్యాకాశాలు తలకిందులైనా సరే, ఇకమీదట పిల్లలు ఏది అడిగినా నా నోటి నుంచి ఒకే ఒక్క జవాబు వస్తుంది: "పోయి మీ అమ్మను అడుగు."