కరవలేదు, నాకింది అంతే

మూడేళ్ల కిందటి మాట. ఎమ్మిగనూరు దగ్గర ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. కుక్కకాటు కేసులు మాకు కొత్త కాదు. ఎప్పుడు కరిచింది, ఎక్కడ కరిచింది, ఆ కుక్క బతికే ఉందా అని మూడే ప్రశ్నలు అడిగేదాన్ని. ఏళ్ల తరబడి అవే అడిగి, నాకంతా తెలుసన్న పొగరు కూడా కాస్త పెరిగింది.

ఒక సోమవారం పొద్దున మగ్గం నేసే లక్ష్మిదేవి, పక్కింటి నాగప్పను వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె పెంచిన కుక్కే ముందురోజు అతని పిక్క పట్టుకుంది. అప్పటికే రెండు రోజులుగా అది తిండి మానేసి, చొంగ కారుస్తూ తిరుగుతోందట. తెల్లవారేసరికి చచ్చిపోయింది. నేను గాయం కడిగించి, ఏఆర్‌వీ, అంటే రేబిస్ టీకా, మొదటి డోసు వేశాను. గాయం చుట్టూ వేసే సీరం మా దగ్గర ఉండదు కాబట్టి ఆదోనికి చీటీ రాసిచ్చాను.

“నిన్ను కరిచిందా అక్కా?” అని లక్ష్మిదేవిని అడిగాను.

“లేదు మేడం. అది నా బిడ్డ మాదిరి. మొన్నటిదాకా పొద్దున్నే మొగం నాకి లేపుతాండె, అంతే.”

నవ్వి, తర్వాతి చీటీ అందుకున్నాను.

అరగంట తర్వాత ఒక ముసలాయన కాలికి కట్టు కడుతూ, కత్తెర కనబడక ప్లాస్టర్‌ను పళ్లతో తెంపాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేతవాళ్లు తెగిన పోగును పళ్లతో కొరికి ముడి వేస్తారు. లక్ష్మిదేవి కింది పెదవి మూల పోగు కోసుకొని ఎర్రగా చీలి ఉంది. మాట్లాడుతుంటే నేను చూశాను కూడా. పిచ్చికుక్క చొంగ అలాంటి పగుల్లో పడితే కాటుతో సమానం. లక్షణాలు మొదలయ్యాక ఇక మందు లేదు.

చీటీ మీదున్నది నాగప్ప నంబరే. దానికే ఫోన్ చేశాను. “ఆయమ్మ బళ్లారికి పోతాండాది మేడం, కూతురి కానుపుకు. బస్టాండులో దిగబెట్టినా ఇప్పుడే,” అన్నాడు.

డాక్టరుగారికి ఒక్క ముక్క చెప్పి స్కూటీ ఎక్కాను. బస్టాండులో బళ్లారి బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. కిటికీ పక్కన లక్ష్మిదేవి సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

“దిగు అక్కా. నువ్వూ సూది వేయించుకోవాలి.”

“కరస్లేదని సెప్తి గదా మేడం. నాకితే సూదేంది? మా అవ్వ పుండును కుక్కతోనే నాకిస్తాండె.”

“నీ పెదవి పగిలి ఉంది.”

“పాపకు నొప్పులు వస్తాండాయంట. నేను దిగను.”

కండక్టరు విజిల్ వేశాడు. నాకు కోపం, భయం రెండూ ఒక్కసారే వచ్చాయి. “పో. మనవణ్ణి ఎత్తుకో. ముద్దు చేసే వయసొచ్చేసరికి నువ్వుండవు,” అన్నాను. అనరాని మాటే. ఆమె నా మొహంలోకి చూసి, సంచి తీసుకొని దిగింది.

బస్టాండు కుళాయి దగ్గర సబ్బుతో పదిహేను నిమిషాలు పెదవి కడిగించాను. బళ్లారి బస్సు వెళ్లిపోయింది. స్కూటీ మీద వెనక్కి తీసుకొస్తుంటే నా భుజం పట్టుకొని మెల్లగా అడిగింది.

“అది నన్ను సంపాలనే నాకిందా మేడం?”

“కాదక్కా. కుక్కపిల్లలు ఆకలైతే తల్లి మూతి నాకుతాయి. పెరిగినా ఆ అలవాటు పోదు. పైగా మగ్గం మీది పడుగు దారాలకు గంజి పెడతావు, నీ మొహం నిండా ఆ వాసనే. దానికి అన్నం, అమ్మ అన్నీ నువ్వే. జబ్బు సంగతి దానికేం తెలుసు?”

అప్పటిదాకా చచ్చిపోయిన కుక్క కోసం ఏడవని మనిషి, నా వీపుకు తల ఆనించి ఏడ్చింది.

టీకా వేసి, నాగప్పతోపాటు ఆదోని పంపించాను. పెదవి మీద సీరం చాలా బాధగా ఉంటుంది, ఓర్చుకుందట. అటునుంచి అటే బళ్లారికి వెళ్లి, మిగతా డోసులు అక్కడ వేయించుకుంది. మూడు నెలలకు మనవరాలిని ఎత్తుకొచ్చి చూపించింది. పాప నిద్రలో ఉంది, లక్ష్మిదేవి పెదవి మూల మచ్చ కూడా కనబడలేదు.

ఆ రోజు ఆమె నా దగ్గర ఏదీ దాచలేదు. చెప్పాల్సింది చెప్పింది, నేనే నవ్వి ఊరుకున్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు. ఇప్పుడు నా మొదటి ప్రశ్న “నాకిందా?” అనే. “నాకితే ఏమైతాది మేడం” అని నవ్వేవాళ్లను మాత్రం కుర్చీలోంచి లేవనివ్వను.