రెండు పసుపు పువ్వులు, ఒక చూడి ఆవు

నా చిన్నప్పుడు ఒడిశాలోని చికిటి దగ్గర మా ఊరి వెనక కొండ, మార్గశిరం వచ్చేసరికి ఒళ్ళంతా పసుపు రాసుకున్నట్టు ఉండేది. మోకాలెత్తు మొక్కలు, చామంతికి చిన్న చెల్లెల్లాంటి పువ్వులు. ఒడియావాళ్ళు హళదియా ఫుల అనేవాళ్ళు, అంటే పసుపు పువ్వు. మేమూ అదే అనేవాళ్ళం. ఆ అందం ఎలా చెప్పాలో నాకు తెలియదు. చూస్తూ నిలబడిపోవడమే.

మార్గశిరంలో లక్ష్మివారం వస్తే మా మేనత్త అమ్మవారికి పూజ చేసేది. కొండ మీది పువ్వులు కోసుకొచ్చే పని నాది. పూజ చేసిన పువ్వుల్ని తొక్కేచోట వెయ్యకూడదని, మర్నాడు పొద్దున్నే ఆవుకి పెట్టేవాళ్ళం. మా వాడలో అందరిళ్ళలోనూ అంతే.

ఆ ఏడు మా ఆవు నిండు చూడితో ఉంది. ఇంటికి ఉన్నది ఆ ఒక్క ఆవే. అంతకు ముందటేడు పక్కింటి చూడి ఆవు మేత మానేసి, ఎముకలు తేలి, కడుపులో దూడతోనే పోయింది. ఎవరి దిష్టో తగిలిందన్నారు. మా అత్త మాత్రం ఆ ఇంటి పూజ పువ్వుల్ని ఒక్కొక్కటే తిరగేసి చూసి వచ్చింది.

మా ఆవుకి ఎప్పుడూ అత్తే పెట్టేది. ఆ ఏడు మొదటి పూజ మర్నాడు నేను పువ్వుల బుట్ట తీసుకుని పశువుల సాలలోకి వెళ్తుంటే అత్త వెనక నుంచి నా జబ్బ పట్టుకుంది.

"ఆగే గుంటా. ఏటట్టుకెల్తన్నావు?"

"పువ్వులత్తా. ఆవుకి."

"ఏ పువ్వులే?"

"ఏ పువ్వులేటి? పసుపు పువ్వులు. నీకు కనపడ్డం నేదా?"

"నాకు కనపడతన్నాయి. నీకే కనపడ్డం నేదు," అని నవ్వింది.

బుట్టని చేటలో బోర్లించింది. ఇందులో రెండు రకాలున్నాయి, ఒకటి ఆవు తినొచ్చు, రెండోది తింటే పక్కింటి ఆవుకి అయినట్టే అవుతుంది అని చెప్పింది.

"నువ్వే ఏరు. నువ్వు మంచివన్నవే నా సేత్తో పెడతాను."

ఎంత చూసినా నా కళ్ళకి అన్నీ ఒకటే. అదే రంగు, అవే రేకులు. ఏడుపొచ్చింది. అప్పుడు అత్త నా పక్కన కూర్చుని ఒక పువ్వు తీసి నా అరచేతిలో బోర్లా పెట్టింది.

"మొకం సూస్తే నీకేటి తెలుస్తాది? ఎనక సూడు."

చూశాను. రేకుల కింద పువ్వుని పట్టుకున్న ఆకుపచ్చని దొన్నె ఉంది. దాని అంచు చుట్టూ, కాటుకలో సూదిమొన ముంచి పెట్టినట్టు సన్నని నల్ల చుక్కలు. ఇంకో పువ్వు బోర్లించింది. దాని అంచు శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క లేదు. తర్వాత కాడలు చూపించింది. చుక్కలదాని ఆకు రెండు చెవులు పెట్టి కాడని కావలించుకుని ఉంది. రెండోదాని ఆకు చిన్న తొడిమతో ఎడంగా ఉంది. చుక్కలది మనది కాదు అని మాత్రం చెప్పి లేచిపోయింది.

కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాను. వేళ్ళు పసుపైపోయాయి. రెండు కుప్పలు చేసి, "అయిపోనాది అత్తా," అన్నాను. అత్త ఒక్కటీ తిరగేసి చూడలేదు. మంచి కుప్పని దోసిట్లోకి ఎత్తుకుని సాలలోకి వెళ్ళింది. ఆవు మెడ చాచింది.

"ఉండత్తా," అని అడ్డం వెళ్ళిపోయాను. ఆ దోసిలి కిందికి దించి మళ్ళీ అన్నీ తిరగేశాను. అడుగున ఒకటి దొరికింది, నల్ల చుక్కలది. చూపిస్తే అత్త, "నేనెలాగా పెట్టను గదే, ముందే సూసీసినాను," అంది. మిగతావి నా చేతే పెట్టించింది.

చెడ్డవి కప్పెట్టడానికి ఇద్దరం పెరట్లోకి వెళ్ళాం. తలెత్తితే కొండ. రోజూ చూసే కొండే. కాని అప్పుడు అది ఒక పసుపుగా లేదు. నీళ్ళు జారే పాయ పొడుగునా గుడ్డు సొన లాంటి ముదురు పసుపు, పైన రాళ్ళ మధ్య లేత నిమ్మపండు పసుపు. రెండూ పక్కపక్కనే, చీర మీద వేరే అంచు వేసినట్టు. నేను కోసినవి కళ్ళ ముందు మెదిలాయి, రెండు చోట్లవీ కలిపేశానన్నమాట. నేను పుట్టిన దగ్గర నుంచీ కొండ అలాగే ఉంది, నేనే చూడలేదు. అత్త పిలిచినా కదల్లేకపోయాను. భయమా, సంతోషమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

మాఘం రాకముందే మా ఆవు ఈనింది. తడితడిగా నిలబడ్డ పెయ్యదూడ నుదుటి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

ఇప్పుడు బరంపురంలో మా కోడలితో ఉంటున్నాను. కూరలో, మందులో, మనుషుల సంగతో, ఏదైనా "రెండూ ఒకటేలే అమ్మా" అని ఎవరైనా నా చేతిలో పెడితే, నా చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది. కాస్త చూడనియ్యండి అంటాను. ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.