బ్రైడీ కీగన్ ఆపించిన బండి

వెలిగారం గని మూతపడిందని తెలిసి అమెరికాలోని డెత్ వ్యాలీ ఎడారిలో, కొండమీది క్యాంపులో అందరూ పెట్టెలు సర్దుకుంటుంటే, వంటమనిషి బ్రైడీ కీగన్ మాత్రం రొట్టెల పిండి పిసుకుతూ ఉండిపోయింది.

ఐర్లండు నుంచి కొత్త పెళ్లికూతురుగా వచ్చిన మనిషి. ఆ కొండమీదే భర్తను పోగొట్టుకుంది. సొరంగం పైకప్పు విరిగిపడి ఫింటన్ పోయాక, గనివాళ్ల భోజనశాల ఆమె చేతికొచ్చింది. ఎంత తాగి వచ్చిన మొనగాడైనా ఆమె గరిట ఎత్తితే బల్ల దగ్గర బుద్ధిగా కూర్చునేవాడు.

అంతకుముందు రెండు చలికాలాల నుంచి మోటారు కార్లలో అడపాదడపా జనం రావడం ఆమె గమనిస్తూనే ఉంది. నీళ్ల కోసం ఆగేవాళ్లు. ఆమె పెట్టిన చిక్కుడుగింజల కూర తిని, కొండ అంచున నిలబడి, కింద తెల్లగా పరుచుకున్న ఉప్పు నేలను పొద్దుగూకేదాకా చూసేవాళ్లు. పిలిస్తే పలికేవాళ్లు కారు.

అందుకే ఆమె గని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి, కూలీల గదులు తనకు వదిలేస్తే హోటలు నడుపుతానంది. ఆయన పగలబడి నవ్వాడు.

"ఈ నిప్పుల గుంట చూడ్డానికి ఎవరొస్తారు బ్రైడీ?"

"ఎండల్లో రమ్మనట్లేదయ్యా. మంచులో ముక్కు చీదుకుంటూ కూర్చున్నోళ్లని చలికాలంలో రమ్మంటున్నా."

ఎటూ పాడుబడే గదులే కదా అని ఆయన సరేనన్నాడు. గోడలమీది పొగాకు మరకలు గీకడానికే ఆమెకు వారం పట్టింది. పిండి సంచులు విప్పి కిటికీలకు తెరలు కుట్టింది. ఆ తర్వాత ఆమె కన్ను ఖనిజం మోసే చిన్న రైలుబండి మీద పడింది. తొట్లలో బల్లలు వేస్తే వచ్చినవాళ్లను సొరంగాల గుండా తిప్పుకురావచ్చు.

బండి నడిపే ముసలి సైలస్ పెన్రో ఒప్పుకోలేదు. ఫింటన్ శవాన్ని బయటికి తెచ్చింది అతనే.

"నీ మొగుణ్ని మోసుకొచ్చిన బండి ఇది. దీన్ని రంగులరాట్నం చేస్తావా?"

బ్రైడీ చేతిలో పని ఆపింది. "నేను మర్చిపోయాననుకున్నావా సైలస్? రేపు నువ్వూ పోతావ్, నేనూ పోతా. ఇక్కడ మనుషులు బతికారని ఎవరు చెప్తారు, ఎలుకలా?"

అతను విసురుగా లేచిపోయాడు. మర్నాడు ఆమె చూసేసరికి చెక్కలు చిత్రిక పడుతున్నాడు.

మొదటిసారి బండిలో టోపీలు పెట్టుకుని, కెమెరాలు పట్టుకుని కొందరు ఎక్కారు. బ్రైడీ చివరి తొట్లో కూర్చుంది. సొరంగంలో చీకటి కమ్మగానే ఆడవాళ్లు కిచకిచ నవ్వారు. ఫింటన్ పోయిన చోటు దగ్గరపడుతుంటే, తనకే తెలియకుండా ఆమె కేకేసి బండి ఆపించింది. దిగి, పైకప్పుకు ఊతంగా నిలిపిన దుంగమీద చెయ్యి వేసింది.

"మా ఆయన ఇక్కడ పనిచేసేవాడు. పేరు ఫింటన్ కీగన్. పాటంటే ప్రాణం, గొంతేమో గాడిద గొంతు. మీ ఇళ్లల్లో బట్టలుతికే పొడిలో ఆయన తవ్విన వెలిగారమూ ఉండే ఉంటుంది. ఇదిగో, ఇక్కడే పోయాడు."

నవ్వబోయిన ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మగవాళ్లు టోపీలు తీశారు. బ్రైడీ మళ్లీ ఎక్కి కూర్చుని, పోనిమ్మంది.

తిరిగొచ్చాక ఆమె వంటగదిలోకి వెళ్లి రొట్టెల పిండి ముందేసుకుంది. సైలస్ వెనకాలే వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"గాడిద గొంతనడం అన్యాయం," అన్నాడు. "కంచరగాడిద."

ఆ మాటకు ఆమె నవ్వింది, వెంటనే ఏడ్చింది.

ఆనాటి నుంచి సైలసే అక్కడ బండి ఆపి ఫింటన్ సంగతి చెప్పేవాడు. ఏటికేడూ అతని కథలో ఫింటన్ మీద పడ్డ బండరాయి పెరుగుతూ పోయింది. "నీ రాయి కొండంతయింది, కాస్త తగ్గించు," అని బ్రైడీ అందరి ముందే దులిపేసేది. చూసి వెళ్లి నలుగురికీ చెప్పిన జనం పుణ్యాన, చలికాలం వస్తే గదులు ఖాళీ ఉండేవి కావు.

కొన్నేళ్లకు పట్టాలు అరిగి బండి ఆగిపోయింది, కొండెక్కే జనమూ తగ్గారు. లోయలో కొత్తగా లేచిన పెద్ద హోటలు వాళ్లు వంటకు రమ్మని కబురంపితే, సైలస్‌కూ పని ఇస్తేనే వస్తానని బ్రైడీ కచ్చితంగా చెప్పింది. ఇద్దరూ కలిసే కొండ దిగారు. అక్కడి అతిథులు ఎవరైనా పైన ఆ పాత ఇళ్లేమిటని అడిగితే, ఆమె చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుని, అక్కడ బతికినవాళ్ల గురించి ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ చెప్పేది.