తడవని సీటు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. లేయి నది ఒడ్డున పుట్టినవాళ్ళకు మొదటిది బాగానే తెలుసు: రోజూ వస్తుంది. ఆ వానలోనే రోజెట్ వాన్‌హౌటె ముప్పై ఎనిమిదేళ్ళు తివాచీల మిల్లుకు సైకిల్ తొక్కింది. ఇంటినుంచి మిల్లుకు తొమ్మిది కిలోమీటర్లు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎదురుగాలే. పెళ్ళయిన మర్నాడు సెలవని మరిచిపోయి తొక్కుకుంటూ వెళ్ళి, గేటు దగ్గర నవ్వులపాలై తిరిగొచ్చింది. ఆమె పని మగ్గాల మీద తెగిన దారాలు ముడివేయడం. యూనియన్ తరఫున డైరెక్టర్ ఎదుట మిల్లు కౌన్సిల్లో కూర్చునేదీ ఆమే. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది, ఓర్పు మాత్రం బొత్తిగా లేదు.

ఆ మధ్య సర్కారు ఒక చట్టం చేసింది. సైకిల్ మీద పనికొచ్చేవాళ్ళకు యజమాని కిలోమీటరుకు ఆరు ఫ్రాంకుల దాకా ఇస్తే, దాని మీద పన్ను ఉండదు. ఇస్తే! ఇచ్చి తీరాలని ఎవరూ అనలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, రాజధాని బ్రస్సెల్స్ ఇచ్చిన వరం మిల్లు గేటు దగ్గర ఆగిపోయింది. డైరెక్టర్ ఎతియెన్ బావెన్స్ మిల్లు కొనిచ్చిన కారులో, మిల్లు పోయించిన పెట్రోలుతో వచ్చేవాడు. ఆ కారుకు పన్నులో ఎన్ని రాయితీలున్నాయో ఆయనకు కంఠతా వచ్చు. సైకిల్ భత్యం గురించి రోజెట్ రెండుసార్లు అడిగితే, రెండుసార్లూ చూద్దామన్నాడు. ఏప్రిల్ ఆఖరుకు ఆమె రిటైరవుతుంది. ఆ లోపు సాధించకపోతే తన తర్వాత అడిగే మొనగాడు ఎవడూ లేడని ఆమెకు తెలుసు.

నవంబరులో మూడోసారి అడిగింది. ఈసారి బావెన్స్ చేతిలో చీటీ ఉంది.

"మొన్న వానరోజు నేనే వెళ్ళి లెక్కపెట్టానమ్మా. షెడ్డులో ఎన్ని సైకిళ్ళున్నాయో తెలుసా? పదకొండు. మిగతావాళ్ళంతా కార్లలోనే వస్తున్నట్టేగా! పదకొండు మందికోసం ఇంత కాగితాల పనా?"

రోజెట్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆమె జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. ఆ పదకొండిట్లో ఒకటి ఆమెదే; మిగతా సైకిళ్ళన్నీ ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. బాయిలర్ వెనక, నూలు గోదాములో, మెట్లకింద ఉన్నాయి. షెడ్డు కప్పు జల్లెడలా కారుతుంది. మా వైపు మనిషి తను తడుస్తాడు గానీ సైకిల్‌ను తడవనివ్వడు. అయితే ఉన్నిధూళికి నిప్పు భయమని లోపల సైకిల్ పెట్టడం నిషేధం. నిజం చెబితే అందరి చేతుల్లోనూ హెచ్చరిక కాగితాలు పడతాయి.

"చలికాలం పోయేలోగా ఇంకోసారి లెక్కపెట్టండి సార్" అంది చివరికి. "రోజు మీ ఇష్టం. ముందుగా చెప్పక్కర్లేదు. ఎంత పాడువాన అయినా సరే."

"నూరు దాటితే అక్కడే సంతకం పెడతా" అని బావెన్స్ నవ్వాడు.

ఏ రోజు వస్తాడో తెలియదు కాబట్టి, ఇక రోజూ సైకిళ్ళు బయటే పెట్టాలి. రోజెట్ ఆ మాట చెప్పగానే మిల్లంతా భగ్గుమంది. అందరికంటే ముందు ఓమెర్ నాసెన్స్ మండిపడ్డాడు. ముప్పై ఏళ్ళ క్రితం ఊరి పందెంలో గెలిచిన ఆకుపచ్చ రేసు సైకిల్ అతనిది. మగ్గాల హాలంతా అతని మాటే వింటుంది.

"నా సైకిల్‌ని వానలో పెట్టాలా? నీకేమన్నా మతిపోయిందా రోజెట్? ఆ ఆరు ఫ్రాంకులూ నువ్వే ఉంచుకో!"

"నాకేం మిగుల్తుందయ్యా, మహా అయితే ఒకటి రెండు నెలల భత్యం. తర్వాత తినేది నువ్వే."

"అయినా సరే, పెట్టను!"

అప్పుడు రోజెట్‌కు నిజంగానే కోపం వచ్చింది. "బావెన్స్ కారుకి సర్కారు గొడుగు పడుతోంది. అది దర్జాగా గుమ్మం ముందు నిలబడుతుంది. పందెం గెలిచిన నీ సైకిల్ మాత్రం దొంగసొత్తులా బాయిలర్ వెనక దాక్కుంటుంది. అదీ నీ మర్యాద!"

ఓమెర్ విసురుగా మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి ఆకుపచ్చ సైకిల్ ఆవరణలో గోడకు ఆనించి ఉంది. దానిమీద ఓమెర్ రెయిన్‌కోటు కప్పి ఉంది. ఓమెర్ మాత్రం నిలువునా తడిసి, తుమ్ముకుంటూ మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఆ సాయంత్రానికి మగ్గాల హాలువాళ్ళ సైకిళ్ళన్నీ బయటికొచ్చాయి.

ఫిబ్రవరిలో, మంచూ వానా కలిసి కొడుతున్న రోజున, రెండు గంటలకు షిఫ్టు మారే వేళ బావెన్స్ గొడుగుతో దిగాడు. దిగి అలాగే నిలబడిపోయాడు. షెడ్డు నిండిపోయింది. గోడల వెంట, గేటుదాకా, ఆయన కారును చుట్టుముట్టి సైకిళ్ళే. ప్రతి సీటుకూ ఒక ప్లాస్టిక్ సంచీ తొడిగి ఉంది: రొట్టెల అంగడివి, మాంసం కొట్టువి, చెప్పుల దుకాణానివి. ఇరవై దగ్గర గాలికి ఆయన గొడుగు వెనక్కి విరిగింది. నూరు దగ్గర కిటికీల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. మొండివాడేమో, అక్కడ ఆగలేదు.

"నూట ముప్పై ఏడు... ఇదేమిటి, ఈ రెయిన్‌కోటు?"

"అది నూట ముప్పై ఎనిమిది సార్. కోటు మాత్రం తియ్యకండి, మీకు పుణ్యముంటుంది" అన్నాడు పరుగున వచ్చిన ఓమెర్.

బావెన్స్ వెనకే వస్తున్న రోజెట్ వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా?"

కిటికీల్లో చప్పట్లు ఆగిపోయాయి.

"ఆ షెడ్డు కప్పు కిందికి ఒక్కసారి రండి సార్, చెబుతా."

ఆయన వెళ్ళి నిలబడ్డాడు. చల్లటి ధార సరిగ్గా కాలరులోంచి వీపుమీదికి దిగింది. ఆయన పైకి చూశాడు, సైకిళ్ళను చూశాడు, బాయిలర్ గది తలుపు వైపు చూశాడు. తెలివితక్కువవాడు కాదు. ఇంకేమీ అడగలేదు.

"కాగితం తెండి" అన్నాడు. ఏప్రిల్ నుంచి భత్యమని రాసి సంతకం పెట్టి, "ఇక కొత్త కప్పు వేయిస్తానని కూడా రాయమంటారా?" అని విసుక్కున్నాడు.

"రాయండి సార్. పెన్ను ఎలాగూ చేతిలోనే ఉందిగా."

ఆ మధ్యాహ్నం మగ్గాల చప్పుడుకంటే మనుషుల కేకలే ఎక్కువ వినిపించాయి. ఓమెర్ తుమ్ముతూనే ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. "దించరా ముసలోడా, నడుం పట్టేస్తుంది!" అని ఆమె తిడుతూ ఏడ్చింది.

ఏప్రిల్ ఆఖరి రోజు కూడా వాన పడింది. రోజెట్ జీతం చీటీలో మొదటిసారీ చివరిసారీ సైకిల్ భత్యం అన్న వరుస కనిపించింది. ఆ డబ్బు లెక్కచూసుకుని ఆమె ముందే పాయసం నింపి కాల్చిన తీపి టార్టులు తెప్పించి హాలంతా పంచిపెట్టింది. రెండు గంటలకు కొత్త కప్పు వేసిన షెడ్డులోకి వెళ్ళింది. సీటు మీది సంచీ లాగడానికి చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. సంచీ లేదు. పొద్దున తొడగడమే మరిచిపోయింది. అరచేత్తో సీటును తడిమి చూసింది.

పొడిగా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె వానరోజున సంచీ తొడగకుండానే పొడిగా ఉన్న సీటు మీద కూర్చుని, ఎదురుగాలిలోకి ఇంటికి తొక్కింది.