మూసిన గదిలో సాంబ్రాణి

2003 వేసవి. కొల్లేరు అడుగంటింది. నీళ్లు పోయినచోట ఎండిన కిక్కిస గడ్డి అంటుకుంది. ఒక పక్క ఆర్పితే ఇంకో పక్క రాజుకునేది. గాలి ఇటు తిరిగితే ఏలూరులో ఆరేసిన బట్టలు కూడా పొగ వాసనే. నేను నర్సుగా చేస్తున్న వార్డు నిండా ఆయాసం కేసులే.

అప్పుడే ఫాతిమా గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. భర్త ఖాదర్ గారు టైలరు. ఆవిడ ఛాతీ నిండా పిల్లికూతలు. నెబ్యులైజర్ పెట్టేవాళ్లం. మందును సన్నటి తుంపరగా చేసి ఊపిరితిత్తుల్లోకి పంపే యంత్రం అది. తేరుకుని ఇంటికెళ్లేవారు, నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ ఆటోలో వచ్చేవారు. మూడోసారి పెదవులు నల్లబడ్డాయి. "ఇంకోసారి ఇలా వస్తే మన చేతుల్లో ఉండదు" అన్నారు డాక్టరు గారు.

నాకు ఒళ్లు మండింది. "ఏవండీ, తలుపులు బార్లా తీసి పెడుతున్నారా ఏంటండీ?" అని ఖాదర్ గారిని నిలదీశాను.

"అయ్యో, లేదండీ సిస్టరు గారూ! కిటికీ సందుల్లో కూడా తడిగుడ్డలు కుక్కాను. ఆ పాడు వాసన పోవాలని పొద్దునా సాయంత్రం ఆవిడ మంచం చుట్టూ సాంబ్రాణి వేస్తున్నానండి. నిప్పులు ఆరనివ్వట్లేదు."

ఓరి దేవుడా అనుకున్నాను. ఆయన్ని మందులకి పంపి, ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఆ సాంబ్రాణి పడట్లేదని మీకు తెలియలేదామ్మా?"

ఆవిడ మాస్కు పక్కకి జరిపారు. "మొదటి రోజే తెలిసిందమ్మా. కుట్టుమిషను వదిలేసి నా చుట్టూనే తిరుగుతున్నారు. వద్దనడానికి నోరు రాలేదు. మీరూ చెప్పకండి."

కానీ చెప్పకపోతే ఈ మనిషి దక్కదు. ఆయన రాగానే చెప్పేశాను. "ఖాదర్ గారూ, ఇంట్లో ఏ పొగా వద్దండి. సాంబ్రాణి కూడా."

మందుల కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయారాయన. "అయితే నేనేనా అమ్మా?" అన్నారు. ఫాతిమా గారు చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంటే, మంచం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి మొహం తుడుచుకుని అడిగారు. "నేను ఊరికే కూర్చోలేనండి. ఏం చెయ్యమంటారు?"

నెబ్యులైజర్ మాస్కు ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆవిడ ఇంటికెళ్లే దాకా ఆ మాస్కు ఆయనే పట్టుకున్నారు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఆ వేసవిలో ఆవిడ మళ్లీ రాలేదు.

ప్రేమతో చేసేదాన్ని మానమని చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ చేతులకి ఇంకో పని చూపించకుండా నేను నోరు విప్పను.