రెండు పాళ్లు చేయమన్న గుండ్రటి టేబుల్

ఆదివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. బోనాలు ముగిసిన మరుసటి వారం. ఆ ఇంటి గోడ గడియారాన్ని అప్పటికింకా ఏ కుప్పలోనూ వేయలేదు కాబట్టి గంట కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. శామీర్‌పేట దగ్గరి ఇల్లు. ఇంతకంటే ఆనవాలు చెప్పను, పేర్లూ రాయను. చదివితే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

దినమూ గంటా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య నేను మేడ్చల్‌లో చాయ్ తాగడానికి కూర్చున్నా, ఎవరింటికి పెళ్లికి పోయినా, ఒక మాట నా చెవిన పడుతున్నది. ముసలి వడ్లాయన టేబుల్ కోసం ఒక ఇల్లు విడగొట్టాడట. ఆ వడ్రంగిని నేనే. ఈ మాట మోస్తున్నవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. ఉన్నవాళ్లు నోరు తెరవడం లేదు. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, మనవరాలి పలక మీద. వాటిని ఒకరి మొహమాటం కోసం ఖర్చు పెట్టే ఉద్దేశం నాకు లేదు.

ముందు ఆ టేబుల్ సంగతి చెప్పాలి.

ఆ ఇంటి పెద్దామె నా ఈడుది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, భూములు ఆమె పేరు మీదే ఉండేవి. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. కొడుకులిద్దరూ ఆమెతోనే ఒకే ఇంట్లో. బిడ్డను మచ్చ బొల్లారం ఇచ్చారు. ఆదివారం ఆదివారం పిల్లలను తీసుకుని వచ్చి పోయేది. ఒకరోజు పెద్దామె మా దుకాణానికి వచ్చి కొంగు ముడి లోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో ఏదో దేశం టేబుల్. గుండ్రంగా ఉంది. ఒకాయన దాని అంచు పట్టుకుని తిప్పాడు. పైనున్న ముక్కలు రొట్టె తుంచినట్టు బయటికి జరిగాయి, ఆ సందుల్లోకి కింది నుంచి వేరే ముక్కలు లేచి వచ్చి కూర్చున్నాయి. చూస్తుండగానే టేబుల్ పెద్దదైంది.

"గిసొంటిది నీకు చెయ్యొస్తదా తమ్మీ?" అని అడిగింది.

ఈ వయసులో నాకెందుకు ఈ సర్కస్, పొడుగు టేబుల్ చేసిస్తాను పొమ్మన్నాను. ఆమె పోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"పొడుగు టేబుల్‌కు ఒక మొగదల ఉంటది. ఆ మొగదల ఎవడు కూసోవాల్నో అని నా కొడుకులు రోజు కొట్లాడుకుంటరు. గుండ్రంగ చెయ్యి. దినాం చిన్నగ ఉండాలె, బిడ్డ వచ్చిన్నాడు పెద్దగ గావాలె. కింద దాసిన ముక్కలు నా బిడ్డవి అనుకో."

ఇంతే ఆమె అడిగింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

కర్ర ఆమే ఇచ్చింది. పాత పెంకుటిల్లు విప్పినప్పటి టేకు దూలాలు కొట్టంలో పడి ఉన్నాయి. పొగ తాగి, ఎండ తిని, ఇక ఉబ్బడమూ లేదు కుంగడమూ లేదు అన్నంతగా గట్టిపడిన కర్ర. దానికోసమే ఒప్పుకున్నాను. కొత్త టేకుతో ఇలాంటిది చేస్తే మొదటి వానకే ముక్కకు ముక్క పట్టేసుకుంటుంది. అయితే ఆ దూలాల కడుపులో ఎన్ని మేకులున్నాయో దేవుడికే తెలియాలి. నా రంపం పళ్లు ఊడగొట్టి మరీ బయటికి వచ్చాయి.

ఇనుప పనికి మా లేత్ భాయ్‌ని పిలిచాను. మేడ్చల్‌లో రైలు గేటు అవతల అతని షెడ్డు. అతనూ నేనూ ముప్పై ఏళ్లుగా పోట్లాడుకుంటూ పని చేస్తున్నాం. ఫోన్‌లో ఆ వీడియోను ఆపి ఆపి చూశాం. పైది కనబడుతుంది, కింద ఏముందో కనబడదు. ఒక పెద్ద ఇనుప పళ్లెం, దాని మీద వంకర గాడులు, ఆ గాడుల్లో నడిచే చిన్న చక్రాలు, అంతవరకూ ఊహించాం. కింది ముక్కలు పైకి లేవడానికి ఒక వాలు కావాలి. ఆ వాలే మమ్మల్ని ఏడిపించింది. ముందు ప్లైవుడ్‌తో చేసి తిప్పి చూశాం. పై ముక్క ఇంకా పక్కకు తప్పుకోకముందే కింది ముక్క లేచి దాని కడుపులో గుద్దింది. తప్పు నీ కర్రదే అన్నాడు అతను. నీ ఇనుముదే అన్నాను నేను. వారం రోజులు మాటల్లేవు. తర్వాత అతనే వాలు మళ్లీ కోసుకొచ్చి, సలాం కూడా చెప్పకుండా బిగించి తిప్పాడు. కింది ముక్క ఆగింది, పైది పూర్తిగా జరిగాక లేచింది. మా ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. చాయ్ మాత్రం చెప్పాను.

పైన ఆరు ముక్కలు, కింద ఆరు, నడుమ నక్షత్రంలా కోసిన ఒక చుక్క. ముక్కకూ ముక్కకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు, అన్ని చోట్లా ఒకేలా. కర్ర గీతలన్నీ చుక్క వైపు చూడాలి, మూసినా అంతే, తెరిచినా అంతే. నేను కిటికీలు, తలుపులు, మంచాలు, పాడెలు కూడా చేసినవాణ్ణి. చూసి నేనే నమ్మలేకపోయిన పని ఇదొక్కటే.

ఆ టేబుల్ వాళ్ల తలుపుల్లోంచి పట్టదు. హాల్లోనే బిగించాం. తీయాల్సి వస్తే మమ్మల్నే పిలవండి, నడిమి బోల్టు ముందు విప్పితే పైదంతా కూలి ముక్కలు విరుగుతాయి అని అందరి ముందూ చెప్పి వచ్చాం. ఆ రోజు ఆదివారమే. బిడ్డ వచ్చింది. పెద్దామె తన చేత్తో తిప్పి, పెద్దదైన టేబుల్ దగ్గర అందరితో కలిసి కూర్చుని తిన్నది. అప్పటిదాకా ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక వంటింట్లో తినేది.

రెండేళ్లకు ఆమె పోయింది.

ఏడాది మాసికం అయ్యీ కాకముందే భూమి బేరానికి పెట్టారు. ఇంటితో సహా. సోమవారం ఇల్లు అప్పగించాలి, టేబుల్ విప్పాలి రమ్మని పెద్దకొడుకు ఫోన్ చేశాడు. ఎవరో ఒకరు తీసుకుపోతున్నారు కాబోలు అనుకుని భాయ్‌ని వెంటబెట్టుకుని పోయాను.

హాల్లో రెండు కుప్పలు. బిందెలు, గంగాళాలు, ఫ్యాన్లు, చివరికి అన్నం గరిటెలు కూడా రెండు పాళ్లు చేసి పెట్టారు. కీసర నుంచి వచ్చిన మేనమామ పెద్దమనిషిగా కూర్చుని ఇది ఇటు, అది అటు అని చెబుతున్నాడు. బిడ్డ వంటింటి గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఆమెకు కుప్ప లేదు. సంతకం కోసం పిలిచారు.

మేనమామ నన్ను చూసి, వచ్చినవా, మంచిగైంది, పై ఆరు ముక్కలు పెద్దోనికి, కింది ఆరు చిన్నోనికి విప్పి పెట్టు అన్నాడు. ఇనుము తుక్కులో అమ్మి సగం సగం చేసుకుంటారట. నడిమి చుక్కకు చీటీలు వేస్తారట.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. విప్పి పంచుకుంటే ఇద్దరిలో ఎవరికీ టేబుల్ ఉండదు, కట్టెలుంటాయి, ఎవరో ఒకరు తీసుకుని రెండోవాళ్లకు వేరే ఏదైనా ఇవ్వండి అన్నాను. ఇద్దరికీ ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

"మాకు లేకున్న మంచిదే," అన్నాడు చిన్నకొడుకు. "అమ్మ టేబుల్ వానింట్ల నిండుగ ఉండొద్దు."

పెద్దకొడుకు దానికి కోపం కూడా తెచ్చుకోలేదు. తలాడించాడు. తల్లి పోయాక అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డది ఇక్కడే. నేను చాలా మాటలన్నాను. గరిటె కొలతలు తప్ప మీకేం తెలుసన్నాను, గంగాళాన్ని కూడా నడిమికి కోసుకోండి అన్నాను. కూలి ఇస్తాం కదా, చెప్పింది చేయమన్నాడు పెద్దకొడుకు. భాయ్ నా చొక్కా పట్టి లాగి, ఊకో అన్నా, వాళ్ల ఘర్ వాళ్ల ఇష్టం అన్నాడు.

అప్పుడు బిడ్డ లేచింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"కొయ్యకున్రి. గా టేబుల్ నాకియ్యిన్రి, ఇగ నేనేం అడగ."

తర్వాత ఎంత తొందరగా ఒప్పుకున్నారో చెబితే మీరు నమ్మరు. ఒకరికి దక్కకూడదని ఇద్దరూ ముక్కలు చేయమన్న వస్తువును ఆమెకు ఒక్క మాటతో ఇచ్చేశారు. మేనమామ నవ్వుతూ జేబులోంచి కాయితం తీసి టేబుల్ మీదే పరిచాడు. ఆడబిడ్డ మనసు బంగారం అన్నాడు. చిన్నకొడుకు పెన్ను అందించాడు.

నేను ఆ కాయితం మీదికి వంగాను. మెల్లగా చదువుతాను, కానీ చదువుతాను. తల్లి భూమిలో నాకు ఏ హక్కూ లేదు, ఇష్టపూర్తిగా వదులుకుంటున్నాను అని ఉంది. ఆమె పెన్ను మూత తీసింది.

నిజం చెబుతాను. అప్పటిదాకా నా గొడవంతా టేబుల్ గురించే. వాళ్ల భూమి నాకెందుకు? టేబుల్ బతికిపోయింది కదా, నోరు మూసుకుని విప్పి ఇచ్చి పోవచ్చు. కానీ మా దుకాణంలో స్టూలు లాక్కుని కూర్చున్న పెద్దామె మాట గుర్తొచ్చింది. నేను పానాలన్నీ సంచిలో వేసి, సంచి మీద కూర్చున్నాను.

"బిడ్డా, కింది ముక్కలు నా బిడ్డవి అని చెప్పి మీ అమ్మ నాతోని చేయించింది. ఇది ముందుగాలనే నీది. నీ వస్తువు నీకిచ్చి నీ భూమి గుంజుకుంటాండ్రు."

ఆమె నా వైపు చూసింది. ఏడవలేదు.

"నాకు ఎరుక లేదా కాకా? భూమిల పాలు అడిగితె నా మొకం జూడరు. కోర్టులు తిరిగే శక్తి మా ఇంట్ల లేదు. గిదన్న అడిగితె దొరుకుతదని అడిగిన."

"టేబుల్, భూమి రెండు అడుగు," అన్నాను. "ఆ కాయిదం మీద నీ సంతకం వడితె నేను బోల్టు మీద పానా పెట్ట."

అప్పుడు లేచింది రగడ. కూలివాడివి కూలివాడిలా ఉండమన్నాడు మేనమామ. ఇంకో వడ్లాయన దొరకడా అన్నాడు పెద్దకొడుకు. పిలుచుకోండి, నడిమి బోల్టు విప్పి చూడమనండి అన్నాను. చిన్నకొడుకు పెరట్లోకి పోయి గొడ్డలి తెచ్చాడు. తల్లి అన్నం తిన్న టేబుల్ మీదికి గొడ్డలి. పొద్దుటి నుంచి నన్ను ఊకో ఊకో అంటున్న భాయ్ పోయి టేబుల్‌కు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఇనుము అతనిది కదా మరి.

బిడ్డ పెన్ను మూత పెట్టింది. కాయితం మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

"ఇయ్యాల సంతకం చెయ్య. ఇంటికి తీస్కపోయి సదువుకుంట. దాని మీద గొడ్డలి వడ్డదంటె మాత్రం, మీకు నా సంతకం ఎన్నడు దొరకది."

రిజిస్ట్రేషన్‌కు ఆమె సంతకం లేకపోతే బేరం ఆగుతుంది. లెక్క అందరికీ ఒకేసారి తెలిసింది. చిన్నకొడుకు గొడ్డలి గోడకు ఆనించాడు. మేనమామ చెప్పులు వేసుకున్నాడు.

మేమిద్దరం టేబుల్ కిందికి దూరాం. ముందు పై ముక్కలు, తర్వాత కిందివి, చుక్క, చివరికి నడిమి బోల్టు. ఒక్కో ముక్కకు పాత చీర చుట్టి ట్రాలీ ఆటోలో పేర్చాం. చీరలు పెద్దామెవే. వాటినీ ఎవరూ పాళ్లు వేసుకోలేదు.

మచ్చ బొల్లారంలో ఆమెది రెండు గదుల ఇల్లు. టేబుల్ మూసి ఉంటే ఫర్వాలేదు. తెరవాలంటే మంచం బయట పెట్టాలి, అప్పుడు కూడా ఒక పక్క కుర్చీ పట్టదు. బేరం అడ్వాన్సుతో వాళ్ల అన్న కొన్నదీ తమ్ముడు కొన్నదీ ఎంతెంత పెద్ద ఫ్లాట్లో నేను చూశాను. బిగించడం అయిపోయాక ఆమె అంచు పట్టుకుని తిప్పింది. కింది ముక్కలు లేచి వచ్చి కూర్చున్నాయి. ఎక్కడా పట్టేయలేదు.

ఈరోజుకీ ఆమె సంతకం చేయలేదు. మేనమామ ఫోన్ చేసి ఒకసారి బుజ్జగిస్తాడు, ఒకసారి బెదిరిస్తాడు. అన్నదమ్ములు ఇప్పుడు కలిసి తిరుగుతున్నారు, కలిసి నన్ను తిడుతున్నారు. ఇల్లు నేను విడగొట్టానట. గరిటెలు రెండు పాళ్లు చేసి పెట్టిన ఇంట్లోకి నేను అడుగు పెట్టింది పదకొండు గంటల పది నిమిషాలకు. అప్పటికి విడగొట్టడానికి ఆ హాల్లో అతికి ఉన్నది టేబుల్ ఒక్కటే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: పెద్దకొడుకు. గొడ్డలి తెచ్చిన చిన్నకొడుకు. వంటింట్లో నిలబడి అంతా విని ఒక్క మాటా అనని ఇద్దరు కోడళ్లు. కీసర మేనమామ. గేటు బయట ఆటో ఆపుకుని, రగడ అయ్యేదాకా కిటికీలోంచి చూసిన ట్రాలీ డ్రైవర్. లేత్ భాయ్. మచ్చ బొల్లారం బిడ్డ. నేను.