నల్ల టేపు కింది అంకెలు

పోయిన నెల ఒక ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట మీద మా మనవరాలు కొత్త కెమెరా పట్టుకుని, ఫోన్‌లో ఎవరో చెబుతున్న పాఠం వింటూ, తనే అంకెలు తిప్పుకుంటూ కొంగల్ని ఫొటోలు తీస్తుంటే పక్కన కూచుని చూశాను. ఒకటి మరీ తెల్లగా వచ్చింది, ఇంకొకటి మరీ నల్లగా వచ్చింది, నవ్వుకుంటూ చెరిపేసి మళ్లీ తిప్పింది. పొద్దుగూకేసరికి విద్య పట్టుబడింది. సంతోషించాల్సింది పోయి నాకు కడుపు మండింది.

మా మేనమామకు మేడ్చల్‌లో ఫొటో స్టూడియో ఉండేది. ఆడపిల్లల ఫంక్షన్లకు మగవాళ్లు కెమెరా పట్టుకుని రావడం కొందరికి ఇష్టముండదని, పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న నన్ను పనిలో పెట్టుకున్నాడు. మొహం నిండా పౌడర్ కొట్టుకుని, ఫొటో అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడే రోజులవి, మీకూ గుర్తుండే ఉంటుంది. ఫిలిం ఎక్కించి, లోపలికి ఎంత వెలుతురు పోవాలో చెప్పే అంకెలు ఎండకు సరిపడేట్టు తానే పెట్టి, అవి కదలకుండా కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టి నా చేతికిచ్చేవాడు మామ. అంతటితో ఆగాడా అంటే లేదు, నేను విప్పితే తెలిసిపోయేట్టు టేపు అంచు మీదుగా తెల్ల పెయింటుతో గీత కూడా గీసేవాడు. మనుషుల్ని ఎండపడే వాకిట్లో నిలబెట్టడం, మొహాలు తేటపడేదాకా లెన్సు ముందుభాగం తిప్పి మీట నొక్కడం, నా పని అంతవరకే. టేపు కింద ఏముందో నేర్పమని అడిగితే, "నేర్సుకొని ఏం జేస్తవే, రేపు పెండ్లయితే అత్తింట్ల దుకాణం పెడ్తవ్" అనేవాడు. సొంత అక్క కూతురితో అనే మాటేనా అది?

మా అవ్వ, అంటే మామకూ మా అమ్మకూ తల్లి, అత్వెల్లిలో ఉండేది. కొడుక్కి స్టూడియో ఉండి కూడా ఆమెకు ఒక్క ఫొటో లేదు. అడిగినప్పుడల్లా "తీస్త తియ్, యాడికి పోతున్నవ్" అని దాటేసేవాడు. ఆమె మంచాన పడ్డ ఏడు, ఆ ఊళ్లోనే ఫంక్షన్‌కు వెళ్లిన నాకు రీలు చివర ఒక ఫొటో మిగిలితే అవ్వ దగ్గరికి పరిగెత్తాను. తల దువ్వించుకుంది, ముక్కుపుడక కొంగుతో తుడుచుకుంది. "మంచిగ రావాలె బిడ్డా, నేను పోయినంక చూసుకుంటరు" అంది. గదిలో చీకటి. వాకిట్లోకి ఎత్తుకొద్దామంటే వీపంతా పుండ్లు, కదిలిస్తే ఏడ్చేది. వెలుతురు చాలదని నా కంటికి తెలుస్తూనే ఉంది, గోరు టేపు అంచు కిందికి పోయింది కూడా. కానీ విప్పాక ఏ అంకె దగ్గర ఆపాలో నాకు తెలియదు, తెల్లగీత విరిగితే పనిలోంచి తీసేస్తాడని మాత్రం బాగా తెలుసు. ఉన్నదున్నట్టే నొక్కాను.

వారం తిరక్కుండానే, ఆ ఫిలిం ఇంకా కడగకముందే అవ్వ పోయింది. ఫిలిం కడిగితే ఆ ముక్క గాజులాగా ఖాళీగా ఉంది, ఎంత తంటాలుపడ్డా కాగితమంతా నల్లగా వచ్చింది, ముక్కుపుడక మెరుపు, తెల్ల వెంట్రుకల అంచు తప్ప ఏమీ రాలేదు. దినం నాడు చుట్టాలందరి ముందు మామ, "గంత సీకట్ల టేపు పీకి తిప్పాలని తెల్వదానె నీకు" అన్నాడు. ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అవ్వ ఫొటో చెడగొట్టిన పిల్లనని నాకు పేరు పడింది. ఫిలిమూ పోయింది, స్టూడియో పోయింది, మామా పోయాడు, ఆ పేరు మాత్రం ఇప్పటికీ పోలేదు.

కట్ట మీద మనవరాలిని అడిగాను, చీకటి గదిలో కదలలేని ముసలమ్మను తీయాలంటే ఏం చేస్తావని. లెన్సు పూర్తిగా తెరిచి, వేగం తగ్గించి, చెయ్యి వణకకుండా కెమెరాను దేనికైనా ఆనించుకుంటే చాలంది తల ఎత్తకుండానే. అవ్వను తీసిన రోజు ఆ గది ద్వారబంధం నా భుజం పక్కనే ఉంది.

విషయం తెలిసి మనవరాలు జాలిపడి, ఇంటికొచ్చాక ఆ నల్ల ఫొటోను ఫోన్‌లోకి ఎక్కించి, వెలుతురు పెంచమని ఫోన్‌నే అడిగింది. లేని మొహాన్ని ఫోనే అల్లి ఇచ్చింది. చక్కటి ముసలమ్మ, సన్నగా నవ్వుతోంది. మనవరాలు పంపితే, అవ్వ పోయాక పుట్టిన మామ కొడుకులు దాన్ని తమ ఇంట్లో పటం కట్టించి, దండ వేసి, ఇన్నాళ్లకు మా నానమ్మ దొరికిందని మురిసిపోయారు. అప్పుడు తెలిసినవాళ్లు తెలిసింది దాచుకున్నారు, ఇప్పుడు తెలియనిది కూడా తెలిసినట్టే చేతిలో పెడుతున్నారు. అవ్వ మొహం ఎరిగినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే, కాదని చెబితే రెండోసారి కూడా ఆమె ఫొటో చెడగొట్టినదాన్నవుతాను. అందరితోపాటు దండం పెట్టి వచ్చాను. ఆ ముసలమ్మ ఎవరో నాకు తెలియదు.